ప్రాసెసర్ మార్చాలా వద్దా? మా హాస్టల్ సిస్టమ్ పంచాయితీ

 

పోయిన నెల మన గ్రూపులో ఇద్దరు ముగ్గురు ఒకటే ప్రశ్న అడిగారు. "మా దగ్గర పాత డెస్క్‌టాప్ ఉంది, మస్తు స్లో, షాపాయన ప్రాసెసర్ మార్చమంటున్నాడు, మార్చాలా అన్నా?" అని. దీనికి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తే మీ పైసలు పోతాయి. మాదాపూర్‌లో మా హాస్టల్‌లో ఇదే పంచాయితీ దాదాపు రెండు నెలలు నడిచింది. 36 మంది తలా 150 రూపాయలు వేసుకుంటే 5,400 జమయ్యింది. ఆ 5,400 ఎట్లా ఖర్చు పెట్టాం, ఎందుకు అట్లా పెట్టాం అనేది మొత్తం రాస్తున్నా. పొడుగు పోస్టే, కొంచెం ఓపిక పట్టండి.

ముందు సిస్టమ్ గురించి. మా హాస్టల్ అయ్యప్ప సొసైటీ వైపు ఉంటుంది. స్టడీ రూంలో ఉన్నది ఒక్కటే డెస్క్‌టాప్. ఒక ఆఫీసులో పాత సిస్టమ్‌లు తీసేస్తుంటే మా సీనియర్ అన్న ఒకరు అడిగి తెచ్చిపెట్టారు. లోపల ఇంటెల్ కోర్ ఐ3-3220 ప్రాసెసర్. 2012లో వచ్చిన మూడో తరం చిప్. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు, వేగం 3.3 గిగాహెర్ట్జ్. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. స్విచ్ వేసి, బ్రష్ చేసుకుని, మొహం కడుక్కుని వచ్చినా ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేది.

ఫోన్లు ఉన్నాయి కదా, ఈ డబ్బాతో ఏం పని అని కొందరు అనుకోవచ్చు. ఫోన్‌లో సినిమా చూడొచ్చు, క్లాసు వినొచ్చు. కానీ కోడ్ రాసి నేర్చుకోవడం, రెజ్యూమె చేసుకోవడం, ప్రాజెక్ట్ రిపోర్ట్ టైప్ చేయడం ఫోన్‌లో అయ్యే పనులు కావు. కంపెనీల ఆన్‌లైన్ పరీక్షలు చాలావరకు ఫోన్‌లో తెరుచుకోవు. ఈపాస్‌లో స్కాలర్‌షిప్ రెన్యువల్ చివరి రోజుల్లో మా వాళ్లు రాత్రి పన్నెండు దాకా ఆ ఒక్క సిస్టమ్ ముందు లైన్ కట్టి కూర్చుంటారు. పేజీ ఆగిపోతే బయట నెట్ సెంటర్‌కి ఉరకాలి, అక్కడ గంటకు ఇంత అని ఇవ్వాలి. ఇంటి నుంచి నెలకు వచ్చేది ఎంతో మీకు తెలుసు కాబట్టి ఆ లెక్క మళ్లీ చెప్పను.

ఇంకో పెద్ద నష్టం కూడా ఉంది. ఫస్టియర్ తమ్ముడు ఒకడు, ఊళ్లో స్కూల్లో కంప్యూటర్ అసలు ముట్టనివాడు, ఈ సిస్టమ్ మీద కూర్చున్నాడు. ఒకచోట క్లిక్ చేశాడు. ఏం కాలేదు. మళ్లీ చేశాడు. ఏం కాలేదు. మూడోసారి చేయగానే ఒకేసారి మూడు విండోలు తెరుచుకుని మొత్తం ఆగిపోయింది. లేచి వెళ్లిపోయాడు. "నాకు కంప్యూటర్ రాదన్నా, నా చేయి పడితే ఖరాబైతది" అన్నాడు. వారం రోజులు మళ్లీ ఆ గదిలోకి రాలేదు. స్లోగా ఉన్నది మిషన్, కానీ వాడు ఆ మాట తన మీద వేసుకున్నాడు. చిన్నప్పటి నుంచి ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న పిల్లోడైతే "సిస్టమ్ హ్యాంగ్ అయింది" అని తిట్టి రీస్టార్ట్ చేస్తాడు. మన పిల్లలు మిషన్‌ను తిట్టరు, తమను తాము తిట్టుకుంటారు. ఈ డబ్బా సంగతి తేల్చాలని నేను పట్టుపట్టింది ఎక్కువగా అందుకే.

చందా జమయ్యాక దగ్గర్లో ఒక షాపుకి వెళ్లి అడిగాం. ఆయన డబ్బా చూడకుండానే, "ఐ3 కదా, ఐ7 వేయండి, రాకెట్ లెక్క నడుస్తది" అన్నాడు. సెకండ్ హ్యాండ్ ఐ7-3770కి 3,800, ఫిట్టింగ్ 500. మొత్తం 4,300. మా వాళ్లలో సగం మంది సరే అన్నారు. ఐ3 కంటే ఐ7 పెద్దది అని అంకె చూస్తేనే తెలుస్తుంది కదా అని వాళ్ల వాదన. మిగతా సగం "2012 నాటి దానికి ఇంక పైసలు ఎందుకు, స్క్రాప్‌కి వేసి కొత్తది కొందాం" అన్నారు. 5,400కి కొత్తది ఎట్లా వస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ మాట తేడా ఒకటి ఉంది. మన దగ్గర డబ్బా మొత్తాన్ని సీపీయూ అంటారు. "సీపీయూ పాతదైంది" అని ఒకరు అంటే డబ్బా అని ఒకరికి, లోపలి చిప్ అని ఇంకొకరికి అర్థమవుతుంది. అసలు సీపీయూ అంటే ప్రాసెసరే, రెండు వేళ్ల వెడల్పు ఉండే చిప్. డబ్బాలో ర్యామ్ వేరు, డిస్క్ వేరు, మదర్‌బోర్డ్ వేరు. మా గొడవలో సగం ఈ మాట దగ్గరే వచ్చింది. మీరు షాపుకి వెళ్లినప్పుడు కూడా దేని గురించి మాట్లాడుతున్నారో ముందు తేల్చుకోండి.

మా హాస్టల్ మెస్‌తో పోల్చి చెప్తే అందరికీ తొందరగా అర్థమైంది. వంట మాస్టర్ ప్రాసెసర్. ఆయన ముందున్న బల్ల ర్యామ్. స్టోర్ రూం హార్డ్ డిస్క్. మాస్టర్ ఎంత చేయి తిరిగినవాడైనా, బల్ల చిన్నదై, ప్రతి ఉల్లిగడ్డ కోసం పిల్లవాడు మూడో అంతస్తు స్టోర్ రూంకి ఎక్కి దిగుతుంటే, మాస్టర్ గరిటె పట్టుకుని నిలబడాల్సిందే. అప్పుడు ఇంకా పెద్ద మాస్టర్‌ని తెస్తే ఏమవుతుంది? ఆయన కూడా గరిటె పట్టుకుని నిలబడతాడు. జీతం మాత్రం ఎక్కువ.

అయితే మా సిస్టమ్‌లో నిలబడుతున్నది ఎవరు? దీనికి షాపాయన్ని అడగక్కర్లేదు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ అనే చోట సీపీయూ, మెమరీ, డిస్క్ ఎంత శాతం పనిచేస్తున్నాయో కనిపిస్తుంది. వారం రోజులు ఒక నోట్‌బుక్ పెట్టాం. ఎవరు కూర్చున్నా ఏ పని చేస్తున్నారు, ఎక్కడ ఆగింది, ఆ టైంలో మూడు అంకెలు ఎంత అని రాయాలి. సిస్టమ్ ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి 6 నిమిషాల 40 సెకన్లు. బ్రౌజర్ తెరుచుకోవడానికి 50 సెకన్లు. ఆ టైమంతా డిస్క్ 100 శాతం. మెమరీ 4 జీబీలో దాదాపు మొత్తం నిండిపోయి ఉంది. ప్రాసెసర్ ఎంతో తెలుసా? ఎక్కువసార్లు 15 నుంచి 25 శాతం మధ్య. అంటే 4,300 పెట్టి మార్చుదామనుకున్న చిప్ ఎక్కువ టైం ఖాళీగానే కూర్చుంటోంది.

కారణం కూడా సింపులే. పాత హార్డ్ డిస్క్‌లో నిజంగానే ఒక పళ్లెం తిరుగుతుంది. నిమిషానికి 7,200 సార్లు అంటే సెకనుకు 120 చుట్లు. కావలసిన ఫైలు ముక్క ఎక్కడుందో అక్కడికి సూది లాంటిది కదలాలి, పళ్లెం తిరిగి రావాలి. ఒక్కో ముక్కకు పది మిల్లీసెకన్ల చుట్టుపక్కల పడుతుంది. అట్లా సెకనుకు వంద ముక్కలు తేవడమే గొప్ప. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు, మామూలు రకమైనా సెకనుకు వేలల్లో తెస్తుంది. పైగా ర్యామ్ చాలకపోతే విండోస్ కొంత సామాను డిస్క్ మీదికి దించి మళ్లీ ఎక్కిస్తుంటుంది. అసలే నెమ్మది డిస్క్, దాని మీద ఈ అదనపు చాకిరి. మా వాడు మూడుసార్లు క్లిక్ చేసినప్పుడు జరిగింది ఇదే.

ఇంకో సంగతి కూడా చూశాం. ప్రాసెసర్ మారిస్తే ఎంత దూరం పోగలం అని. మా మదర్‌బోర్డ్ సాకెట్ పేరు ఎల్‌జీఏ 1155. దీంట్లో ఇంటెల్ రెండో తరం, మూడో తరం చిప్‌లే కూర్చుంటాయి. నాలుగో తరానికే సాకెట్ మారి 1150 అయింది. అంటే ఎంత ఖర్చు పెట్టినా 2012 దగ్గరే ఆగాలి. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆపేసింది. విండోస్ 11 కోసం ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఉండాలి, టీపీఎం 2.0 ఉండాలి. కాబట్టి ఐ3 తీసి ఐ7-3770 పెట్టినా విండోస్ 11 లిస్టులోకి మన సిస్టమ్ రాదు. "ఐ7 వేస్తే కొత్త విండోస్ వస్తది" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఐ7 పక్కన ఉన్న నాలుగంకెల నంబరు చూడండి. 3తో మొదలైతే మూడో తరం, 8తో మొదలైతే ఎనిమిదో తరం. షాపులో ఐ3, ఐ5, ఐ7 అని మాత్రమే చెప్తారు, ఆ నంబరు మనమే అడగాలి.

"అంత పాతదైతే పడేయొచ్చు కదా" అన్నవాళ్లకు నేను చెప్పింది ఇది. మన హాస్టల్‌కి దగ్గర్లోనే సైబర్ టవర్స్ ఉంది. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి దాన్ని ప్రారంభించారు. హైటెక్ సిటీకి అదే మొదలు. అప్పుడు నడుస్తున్నది పెంటియం 2 కాలం, ఆ చిప్‌లో 75 లక్షల ట్రాన్సిస్టర్లు. మనం పాతది అంటున్న మూడో తరంలో, నాలుగు కోర్ల చిప్‌లో 140 కోట్లు. హైటెక్ సిటీ మొదలైన నాటి కంప్యూటర్లకు మన డబ్బా అందనంత ఎత్తులో ఉంది. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి, ఫారం నింపడానికి దీని బలం సరిపోదు అనడానికి లేదు. ఆఫీసులు వీటిని తీసేసింది వారంటీ అయిపోయి, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయని. మన పని వేరు.

నోట్‌బుక్ తెచ్చి మీటింగ్‌లో అందరి ముందు చదివాం. నోటితో చెప్తే ఎవరూ వినకపోయేవాళ్లు, అంకెలు చూశాక ఒప్పుకున్నారు. ముందు ఎస్‌ఎస్‌డీ, ర్యామ్. ప్రాసెసర్ సంగతి తర్వాత.

దుర్గం చెరువు స్టేషన్‌లో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి, ఇద్దరం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పోయాం. అందరూ సీటీసీ అనేది దాన్నే. ఒకే రైలు, మారే పని లేదు. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ 2,000. వాడిన 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ 1,200. కేబుల్, థర్మల్ పేస్ట్ కలిపి 200. మొత్తం 3,400. మిగిలింది 2,000. ర్యామ్ కొనేటప్పుడు డీడీఆర్3 అని గట్టిగా చెప్పండి, డీడీఆర్4 ఈ బోర్డులో పట్టదు, గాడి వేరే చోట ఉంటుంది. ఫిట్టింగ్ మేమే చేశాం. ప్లగ్ తీసేసి, డబ్బా ఇనుప భాగం ఒకసారి ముట్టుకుని, రెండు స్క్రూలు, రెండు వైర్లు. అంతే పని.

ముందు విండోస్‌నే ఎస్‌ఎస్‌డీ మీద వేసి చూశాం. లేకపోతే మార్పు డిస్క్ వల్ల వచ్చిందా, వేరే ఓఎస్ వల్ల వచ్చిందా అని మళ్లీ పంచాయితీ అవుతుంది కదా. ఆన్ చేసిన 45 సెకన్లకు పని మొదలుపెట్టొచ్చు. 6 నిమిషాల 40 సెకన్లు ఎక్కడ, 45 సెకన్లు ఎక్కడ! ప్రాసెసర్ అదే పాత ఐ3. తర్వాత లైనక్స్ మింట్ వేశాం, విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి. 38 సెకన్లు. బ్రౌజర్ నాలుగు సెకన్లు. ఈపాస్ బ్రౌజర్‌లో మామూలుగానే తెరుచుకుంటుంది. డాక్యుమెంట్లకు లిబ్రెఆఫీస్ ఉంది. "కంపెనీలో విండోస్ ఉంటది కదా, ఇది నేర్చుకుని ఏం లాభం" అని కొందరు గొణిగారు. కంపెనీల సర్వర్లలో నడిచేది ఎక్కువగా లైనక్సే అని సీనియర్లు చెప్పాక ఊరుకున్నారు. మీకు భయమైతే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు, డిస్క్ మీద ఏం మారదు, నచ్చితేనే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.

ఫస్టియర్ తమ్ముడిని పిలిచి కూర్చోబెట్టాం. క్లిక్ చేశాడు, తెరుచుకుంది. మూసేశాడు. మళ్లీ తెరిచాడు. ఏం పని లేకుండానే పది నిమిషాలు అట్లా తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. ఎవరూ ఏం అనలేదు. ఇప్పుడు పైథాన్‌లో చిన్న చిన్న లెక్కలు రాస్తున్నాడు.

ఇంతటితో అయిపోతే మంచి కథే, కానీ అసలు గొడవ ఇక్కడే వచ్చింది. మా హాస్టల్‌లో ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చిన కోలాం తమ్ముడు ఒకడున్నాడు. అంగన్‌వాడీ పిల్లల కోసం కోలామి మాటలతో ఒక ఆండ్రాయిడ్ యాప్ చేస్తున్నాడు. బొమ్మ ముట్టుకుంటే దాని పేరు వాళ్ల అవ్వ గొంతుతో వినిపిస్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియోకే కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి, ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 జీబీ అని గూగుల్ చెప్తుంది. మాకిప్పుడు 12 ఉంది. ఎమ్యులేటర్ వదిలేసి తన ఫోన్‌నే వైరుతో తగిలించి యాప్ నడిపి చూసుకునేవాడు. అయినా చిన్న మార్పు చేసి బిల్డ్ కొట్టిన ప్రతిసారీ నాలుగు నిమిషాలు పైనే ఆగాలి. నోట్‌బుక్‌లో వాడు రాసింది చూశాం. డిస్క్ తక్కువ, మెమరీలో ఇంకా చోటుంది, ప్రాసెసర్ 100 శాతం, నాలుగు నిమిషాల 10 సెకన్ల పాటు.

అంటే వాడి పనిలో మాత్రం నిజంగా మాస్టరే చాలట్లేదు. మిగతా 35 మందికి ప్రాసెసర్ అవసరం లేదు, వాడికి ఉంది. "ఒక్కడి కోసం అందరి పైసలా?" అని అడిగారు. తప్పు ప్రశ్నేం కాదు. ఆ 2,000 వెనక్కి పంచితే తలా 55 రూపాయలు వస్తాయి, ఆ 55 కూడా అవసరమైనవాళ్లు మా దాంట్లో ఉన్నారు. నేను అన్నది ఒక్కటే. వాడు అడిగింది తన ముచ్చట కోసం కాదు, అంకె చూపించి అడిగాడు. రేపు మీలో ఇంకొకరు వీడియో ఎడిటింగో, పెద్ద ప్రాజెక్టో మొదలుపెడితే అదే అంకె మీకూ వస్తుంది. మన దాంట్లో ముందు నడిచేవాడికి దారి ఇవ్వకపోతే అందరం ఈపాస్ ఫారం దగ్గరే ఆగిపోతాం. ఓట్లు వేశాం. 36లో 23 మంది సరే అన్నారు. వద్దన్నవాళ్లతో ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉన్నాం, ఎవరూ అలగలేదు.

ఐ7 తేలేదు. ఐ5-3470 తెచ్చాం, సెకండ్ హ్యాండ్ 1,600. ఐ3లో నిజమైన కోర్లు రెండే, దీంట్లో నాలుగు. ఐ7-3770లో కూడా కోర్లు నాలుగే, కాకపోతే ఎనిమిది థ్రెడ్లు, వేగం కొంచెం ఎక్కువ. ఆ తేడా కోసం రెట్టింపు పైన పెట్టే శక్తి మాకు లేదు. కొనేముందు మూడు చూశాం. సాకెట్ 1155 అవునా, మా మోడల్‌కి కంపెనీ ఇచ్చిన లిస్టులో ఈ చిప్ ఉందా, కరెంటు సరిపోతుందా. ఐ3 గరిష్ఠంగా 55 వాట్లది, ఐ5 77 వాట్లది. ఫ్యాన్ దుమ్ము దులిపి, ఎండిపోయిన పాత పేస్ట్ తుడిచి, కొత్తది బియ్యపు గింజ కంటే కొంచెం ఎక్కువ పెట్టాం. సన్నటి పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి, వేలు తగిలితే వంగుతాయి, మళ్లీ సరిచేయడం చాలా కష్టం. చిప్‌ను అంచులు పట్టుకుని నిటారుగా దించాలి, నొక్కకూడదు.

తమ్ముడి బిల్డ్ 4 నిమిషాల 10 సెకన్ల నుంచి 2 నిమిషాల 35 సెకన్లకు వచ్చింది. రోజుకు ముప్పై నలభై సార్లు కొట్టేవాడికి అది గంట పని. సిస్టమ్ ఆన్ అయ్యే టైం? 38 నుంచి 36 సెకన్లు. మిగతావాళ్లకు ప్రాసెసర్ మార్చిన సంగతే తెలియలేదు. మొదట్లోనే 4,300 పోసి ఐ7 వేసి ఉంటే మాకు దొరికేది ఆ రెండు సెకన్ల లాంటిదే. డిస్క్ అట్లాగే గుండ్రంగా తిరుగుతుండేది, తమ్ముడు "నాకు రాదు" అనుకుంటూనే ఉండేవాడు.

మిగిలిన 400తో కీబోర్డ్ తెచ్చాం, పాతదాంట్లో స్పేస్ బార్ పనిచేయట్లేదు.

ఇంక మీ సంగతి. మీ హాస్టల్‌లో, ఊళ్లో, యువజన సంఘంలో పాత సిస్టమ్ ఉంటే ఏదైనా కొనేముందు ఒక వారం ఆ మూడు అంకెలు రాయండి. డిస్క్ 100 ఉంటే ఎస్‌ఎస్‌డీ. మెమరీ నిండితే ర్యామ్. ఈ రెండూ ఖాళీగా ఉండి ప్రాసెసర్ ఒక్కటే 100 దగ్గర చాలాసేపు నిలబడితే, అప్పుడే ప్రాసెసర్. ఈ మూడూ బాగానే ఉండి వెబ్‌సైట్లు మాత్రమే స్లోగా వస్తే అది నెట్ సంగతి, డబ్బా విప్పకండి. ఆఫీసుల నుంచి పాత సిస్టమ్‌లు అడిగి తెచ్చేవాళ్లకు ఒక మాట. వాళ్ల డేటా ఉంటుంది కాబట్టి చాలాచోట్ల డిస్క్ తీసేసి ఇస్తారు. డిస్క్ లేదని వద్దనకండి, ఎట్లాగూ మనం ఎస్‌ఎస్‌డీనే వేయాలి. పవర్ కార్డ్, మానిటర్ కేబుల్ మాత్రం మరిచిపోకుండా అడగండి.

మీ సిస్టమ్ ప్రాసెసర్ నంబరు, ర్యామ్, ఆ మూడు అంకెలు గ్రూపులో పెట్టండి. పరీక్షలు అయ్యాక ఒక్కొక్కటి చూసి నాకు తెలిసినంత చెప్తాను, నాకంటే తెలిసిన అన్నలు, అక్కలు కూడా చెప్తారు. మా దగ్గర తీసేసిన ఐ3-3220 డబ్బాలో దాచి ఉంచాం. 1155 సాకెట్ ఉండి ప్రాసెసర్ పోయిన సిస్టమ్ ఎవరి దగ్గరైనా ఉంటే అడగండి, పైసలేం వద్దు, సంక్రాంతికి ఊరికి వచ్చేటప్పుడు తెచ్చిస్తాను.